ఒకే కప్పు క్రింద పలు కచేరీలు – ఉమ్మడి కార్యాలయము రైతునకు మేలు చేయు విధము

విత్తుటకు ఒక అదను, నాటుటకు ఒక అదను ఉన్నట్లే రైతునకు కాగితములకును ఒక అదను కలదు. అప్పు చేతికి రావలసిన వారము దాటినచో ఎరువు వేయవలసిన వారమును దాటిపోవును. పంట నమోదు గడువు మీఱినచో పండిన ధాన్యమును కొనుగోలు కేంద్రమున అమ్ముటకును, పంట చెడినప్పుడు పరిహారము పొందుటకును చిక్కులు కలుగును. రాజాము ప్రాంతమున మెరకలలో మొక్కజొన్న, ప్రత్తి, గోగు వేయువారికిని, మడ్డువలస నీటితో పల్లపు మడులలో వరి నాటువారికిని ఈ సంగతి వేఱుగ చెప్పనక్కఱలేదు. వాన పడిన మరునాడు రైతు మడిలో ఉండవలెనా, కచేరీ అరుగుపై ఉండవలెనా అను ప్రశ్న మన పల్లెలలో ఏటేట వచ్చుచునే యున్నది.

ఈ కాలమున ప్రభుత్వ కార్యాలయములను, సహకార సంఘముల కార్యాలయములను క్రొత్త రీతిగా దిద్దవలెనను మాట పలుచోట్ల వినబడుచున్నది. శాఖకొక గది, ఉద్యోగికొక బల్ల, గదికొక తాళము అను పాత ఏర్పాటును విడిచి, ఒకే విశాలమైన సావడిలో పలు శాఖలవారు కూర్చుండి, ఉన్న బల్లలను, యంత్రములను, గదులను అవసరమునుబట్టి మార్చుకొనుచు వాడుకొనుట ఈ క్రొత్త రీతి. దీనినే ఉమ్మడి కార్యస్థలమందురు. ఇది మంచిదా, చెడ్డదా? మన సంఘములు భవనములను బాగుచేయించుకొనునప్పుడు దీనిని అనుసరింపవచ్చునా? అనుసరించినచో ఏ జాగ్రత్తలు వలయును? ఈ మూడు సంగతులను ఇచ్చట విచారింతము.

కౌలురైతు తిరుగుడు

ముందుగా రైతు పక్షమున లెక్క చూడవలెను. రెండెకరముల పల్లము కౌలునకు తీసికొనిన ఒక రైతును తలచుకొందము. 2019 సంవత్సరపు పంట సాగుదారు హక్కుల చట్టము కౌలుదారునకు 11 నెలల కాలమునకు ఒక పత్రము నిచ్చు ఏర్పాటు చేసెను. దానికి భూయజమాని సమ్మతి కావలెను. గ్రామ రెవెన్యూ అధికారి వ్రాలు కావలెను. పత్రము వచ్చిన పిమ్మట పంట నమోదునకై గ్రామ వ్యవసాయ సహాయకుని చూడవలెను. అప్పు కావలెనన్నచో ఆ పత్రమును తీసికొని సంఘ కార్యదర్శి యొద్దకు పోవలెను. యూరియా బస్తా కొనవలెనన్నచో ఆధారు సంఖ్య చెప్పి యంత్రముపై వేలిముద్ర వేయవలెను. ఏరు పట్టి, పాఱ పట్టి అరగిన వ్రేలిగీతలను ఆ యంత్రము ఒక్కొక్కప్పుడు గుర్తింపదు. అప్పుడు మఱియొక తిరుగుడు.

ఇందు ఒక్కొక్క పనియు కొన్ని నిమిషములదే. పని జరుగుటకు పట్టు కాలము స్వల్పము. పని చేయువానిని వెదకుటకు పట్టు కాలమే అధికము. ఒకరు ఉన్న దినమున మఱియొకరు ఉండరు. ఒకచోట ఇచ్చిన నకలు మఱియొకచోట చెల్లదు. కౌలురైతు సాధారణముగ కూలికి పోవువాడు కూడ. అతనికి ఒక తిరుగుడనగా ఒక పూట కూలి, దారి ఖర్చు, ఒక్కొక్కప్పుడు పొలములో నీటి వంతు పోవుట. ఈ నష్టము ఏ చిట్టాలోను వ్రాయబడదు. వ్రాయబడనందువలననే దీనిని గూర్చి ఎవరును విచారింపరు. ఉమ్మడి కార్యాలయమునకు ఏదైన న్యాయము కలదన్నచో ఆ న్యాయము ఇచ్చటనే యున్నది. భవనము అందముగ నుండుట రెండవ మాట.

మన ప్రాంతమున ఇది పూర్తిగా క్రొత్తది కాదు

పూర్వము గ్రామచావడియే ఉమ్మడి కార్యాలయము. మునసబు, కరణము, తలారి, నీరటి యందఱును పనులకై అచ్చటనే చేరుచుండిరి. కాని ఆ పద్ధతిలో ఒక గొప్ప లోపముండెను. కూర్చుండు చోటు ఉమ్మడిదైనను, లెక్కలు ఉమ్మడివి కాకపోయెను. భూమి లెక్కలు తఱచుగా కరణము ఇంటి పెట్టెలో నుండెడివి. ఆ పెట్టె తాళపు చెవి యెవని చేతిలో నున్నదో గ్రామము వాని చేతిలో నుండెడిది. 1984లో వంశపారంపర్యపు గ్రామోద్యోగములు రద్దయ్యెను. 1985లో మండల పద్ధతి వచ్చెను. కచేరీ రైతునకు కొంత దగ్గఱయ్యెను. అయినను శాఖలు వేర్వేఱుగనే నిలిచెను.

సహకార రంగమున ఈ దిశగ ఒక పెద్ద అడుగు 1987లో పడెను. అంతకుముందు పంటకు కావలసిన స్వల్పకాలపు అప్పు గ్రామ సంఘమునందును, నుయ్యి త్రవ్వుటకు, భూమి బాగుచేయుటకు కావలసిన దీర్ఘకాలపు అప్పు వేఱొక బ్యాంకునందును పుట్టుచుండెను. ఆ సంవత్సరము ఆంధ్రప్రదేశమున ఈ రెండింటిని ప్రాథమిక సంఘమునందే ఇచ్చు ఏర్పాటు చేసిరి. దీనికే సింగిల్ విండో అను పేరు జనుల నోట నిలిచినది. నేటికిని మన ముసలివారు సంఘమును సింగిల్ విండో యనియే పిలుచుదురు. ఒకే కిటికీ అను ఆలోచన, కనుక, మన సంఘముల పేరులోనే యున్నది.

పట్టణములలో 2001లో ఈ-సేవ, 2011లో మీ-సేవ కేంద్రములు వెలసెను. పలు శాఖల పత్రములు, పన్నులు, బిల్లులు ఒకే బల్లయొద్ద ముగియుటకు అవి దారి చూపెను. 2019 అక్టోబరు 2వ తేదీన గ్రామ సచివాలయముల పద్ధతి ఆరంభమయ్యెను. మైదాన ప్రాంతమున సుమారు రెండువేల జనాభాకు ఒకటి చొప్పున ఏర్పడిన ఆ సచివాలయములలో పంచాయతి, రెవెన్యూ, సర్వే, వ్యవసాయము, పశువైద్యము, ఆరోగ్యము, విద్యుత్తు మొదలగు శాఖల సహాయకులు పదిమంది వఱకు ఒకే గ్రామమునకు నియమింపబడిరి. 2020 మే 30వ తేదీన రైతు భరోసా కేంద్రములు తెఱవబడెను. 2024లో వానికి రైతు సేవా కేంద్రములని పేరు మాఱెను. 2025 ఆరంభమున సచివాలయములను జనాభానుబట్టి మూడు తరగతులుగ విభజించి, సిబ్బందిలో కొందఱిని సామాన్య పనులకును, కొందఱిని ప్రత్యేక పనులకును కేటాయించు మార్పు జరిగెను. అదే సంవత్సరము జనవరిలో వాట్సాప్ ద్వారా ప్రభుత్వ సేవలను అందించు మన మిత్ర పద్ధతియు వచ్చెను.

పొరుగున తెలంగాణములో 2020 నుండి నిర్మించిన రైతు వేదికలు 2,601. ఒక్కొక్కటి సుమారు 2,046 చదరపు అడుగుల భవనము. సుమారు 5,000 ఎకరముల సాగుభూమికి ఒక వ్యవసాయ విస్తరణాధికారి చొప్పున ఏర్పఱచిన విభాగములకు ఇవి కేంద్రములు. ఒక పెద్ద సమావేశపు సావడి, దానిని ఆనుకొని అధికారికి చిన్న గది అను నమూనాలో ఇవి కట్టబడెను. సావడి పెద్దది, గది చిన్నది అను ఈ కొలతను మనము గుర్తుంచుకొనవలెను. అధికారి గది పెద్దదై, రైతు నిలుచు వసారా చిన్నదైన భవనములే మనకు పరిచితములు.

సహకార సంఘముల విషయమున 2022 జూన్‌లో కేంద్ర ప్రభుత్వము 63,000 ప్రాథమిక సంఘములను కంప్యూటరు లెక్కలలోనికి తెచ్చుటకు 2,516 కోట్ల రూపాయల పథకమును ఆమోదించెను. 2023లో సంఘములు సామాన్య సేవా కేంద్రములుగ పనిచేయుటకును ఏర్పాటయ్యెను. అనగా, అప్పు, ఎరువు, విత్తనము, ధాన్యపు కొనుగోలు మాత్రమే కాక, పలు ప్రభుత్వ సేవలును సంఘపు బల్లపైకి వచ్చుచున్నవి. పని పెరుగుచున్నది, గదులు మాత్రము పాతవే. కావున ఉన్న చోటును ఎట్లు వాడుకొనవలెనను ప్రశ్న ఇక తప్పించుకొనరానిది.

దేశాంతరముల అనుభవము

ఇతర దేశములలో ఈ పద్ధతి ఎట్లు నడచినదో తెలిసికొనుట మేలు. 1950 సంవత్సరముల చివర జర్మనీ దేశమున ష్నెల్లె సోదరులు గోడలు లేని విశాల కార్యాలయములను రూపొందించిరి. కాగితము ఒకరినుండి మఱియొకరికి పోవు దారి ననుసరించి బల్లలను అమర్చుట వారి మూలసూత్రము. ఆలోచన మంచిది. కాని పిమ్మటి కాలమున శబ్దము, ఏకాంతము లేకపోవుట అను రెండు బాధలచేత ఉత్తర ఐరోపా దేశములలోని ఉద్యోగులు చాలచోట్ల మరల చిన్న గదులనే కోరిరి. బ్రిటిష్ ప్రభుత్వము తన కార్యాలయములలో పదిమంది ఉద్యోగులకు ఎనిమిది బల్లలు చాలునను లెక్క పెట్టుకొనెను. ఏ దినమునను అందఱును ఒక్కమారు కార్యాలయమున నుండరు గదా యని వారి తర్కము.

ఇందుకు మఱియొక ప్రక్క కూడ కలదు. గోడలు తీసివేసిన మనుష్యులు ఎక్కువగా మాటాడుకొందురని అందఱును నమ్మిరి. 2018లో హార్వర్డు విశ్వవిద్యాలయమునకు చెందిన బెర్న్‌స్టీన్, టర్బన్ అను పరిశోధకులు రెండు పెద్ద సంస్థలలో ఈ విషయమును కొలిచి చూచిరి. గోడలు తీసిన పిమ్మట ముఖాముఖి సంభాషణ సుమారు 70 వంతులు తగ్గెనని తేలినది. అందఱి కన్నులయెదుట కూర్చున్నవాడు మాటాడుటకు వెఱచి, ప్రక్కనున్నవానికే యంత్రము ద్వారా కబురు పంపెను. గోడ కూలినంతమాత్రమున మనస్సులు కలియవని దీని సారాంశము.

మన రాష్ట్రమునందును 2025 ఫిబ్రవరిలో, ఇంటినుండియో, ఇంటికి దగ్గఱి కార్యస్థలమునుండియో పనిచేయు అవకాశములను పట్టణములలోను, మండలములలోను కల్పింతుమని ప్రభుత్వము ప్రకటించెను. రాజాము వంటి పట్టణమున చదువుకొనిన యువతీయువకులకు అట్టి చోట్లు ఉపకరింపవచ్చును. అయితే కంప్యూటరు పనివారి ఉమ్మడి చోటునకును, రైతులు వచ్చు ఉమ్మడి కార్యాలయమునకును భేదము కలదు. మొదటిదానిలో పనిచేయువాని సౌకర్యమే ప్రధానము. రెండవదానిలో వచ్చువాని సౌకర్యము ప్రధానము. ఈ భేదమును మఱచి ఒకదాని నమూనాను మఱియొకదానికి తగిలించినచో, బల్లలు మెఱయును గాని రైతు అరుగుపైననే యుండును.

కళ్లము నేర్పిన పాఠము

ఉమ్మడిగా వాడుకొనుట ఎట్లో మనకు ఇతరులు నేర్పనక్కఱలేదు. మన పల్లెలలో పదిమంది రైతులు ఒకే కళ్లమును వాడుకొనుట కలదు. ఒకని కుప్ప నూర్పిడి ముగిసి, గింజ ఇల్లు చేరిన పిమ్మటనే మఱియొకని కుప్ప విప్పబడును. చెఱువు నీరు పదిమంది మడులకు పోవును. ఏ మడికి ఎప్పుడు అను లెక్క నీరటికి తెలియును, రైతుకును తెలియును. కళ్లము ఎవనిదని అడిగిన అందఱిదియే. ఈ దినము ఎవనిదని అడిగిన ఒక్కని పేరే చెప్పుదురు. ఉమ్మడి చోటు నిలుచుట ఈ రెండవ జవాబు వలననే. వంతు తెలియని చెఱువు క్రింద తగవులు పుట్టును. తూము యెదుట బలవంతుని మడి పాఱును, తుదిమడి ఎండును.

కార్యాలయమునకును ఇదే న్యాయము. బల్ల అందఱిదియు కావచ్చును; పని మాత్రము ఒకనిదే కావలెను. ఒక రైతు దరఖాస్తును అందుకొనిన క్షణమున, అది ముగియువఱకు దానికి బాధ్యుడెవ్వడో రశీదుపై వ్రాయబడవలెను. పలువురు ఒకే సావడిలో కూర్చుండి, "అది నా పని కాదు, ఆ ప్రక్కవారిని అడుగుడు" అని చేయి చూపుచున్నచో, పూర్వము పది ఊళ్లు తిరిగిన రైతు ఇప్పుడు ఒకే గదిలో పది బల్లలు తిరుగును. దూరము తగ్గినది, తిరుగుడు తగ్గలేదు. ఈ వ్యాసమున చెప్పదలచిన ముఖ్యాంశము ఇదియే: ఉమ్మడి చేయవలసినది చోటును, యంత్రమును, లెక్కను. ఉమ్మడి చేయరానిది బాధ్యతను.

సంఘ కార్యాలయమున పాటింపవలసినవి

ఒక పెద్ద గది, ఒక చిన్న గది, ఒక వసారా, వెనుక గిడ్డంగి గల సాధారణ సంఘ భవనమును ఉద్దేశించి ఈ క్రింది సూచనలు వ్రాయబడుచున్నవి. వీనిలో చాల వానికి పెద్ద ధనము అక్కఱలేదు.

1. వారపు పట్టిక. రెవెన్యూ అధికారి, వ్యవసాయ సహాయకుడు, పశువైద్య సహాయకుడు, బ్యాంకు పర్యవేక్షకుడు ఏ వారమున ఏ పూట సంఘ భవనమున కూర్చుందురో వారిని అడిగి నిశ్చయించి, గోడపై పెద్ద అక్షరములతో వ్రాయవలెను. సంత దినము అందఱికి తెలిసినట్లే ఈ దినములు తెలియవలెను. ముఖ్యముగ కౌలు పత్రము, పంట నమోదు, అప్పు అను మూడు పనులవారు వారమునకు ఒక్క పూటయైనను ఒకేమారు ఉండునట్లు చూడవలెను. ఒకే పూటలో ముగ్గురును కలిసినచో కౌలురైతునకు మూడు తిరుగుళ్లు ఒకటియగును. రాలేని దినమున ముందునాడే ఆ సంగతి పలకపై వ్రాయించవలెను.

2. ముందు బల్ల. వాకిటి యెదుట ఒక్క బల్ల ఎప్పుడును ఖాళీగా నుండరాదు. అచ్చట కూర్చుండువాడు వచ్చిన రైతు పని యేమో విని, కావలసిన కాగితములు చూచి, లోపమున్నచో అప్పుడే చెప్పి, లేనిచో రశీదు నిచ్చి, ఎవరు ఎన్నడు ముగింతురో దానిపై వ్రాయవలెను. అక్షరములు రానివారికి చదివి వినిపించవలెను. ఈ బల్లయొద్ద వంతులవారీగ అందఱు ఉద్యోగులును కూర్చుండుట మంచిది. అప్పుడు ప్రతివానికిని మఱియొకని పనిలోని కష్టము తెలియును.

3. ఏకాంతపు గది. ఇది మఱచిపోదగినది కాదు. అప్పు విషయము మనిషి మానమునకు సంబంధించినది. వాయిదా తప్పిన రైతు పేరు, మొత్తము నలుగురిలో బిగ్గఱగా చదివినచో ఆతడు మఱల సంఘపు గడప త్రొక్కడు. వడ్డీ వ్యాపారి గడప త్రొక్కును. వ్యాపారి వద్ద వడ్డీ ఎక్కువైనను మాట బయటికి రాదు గదా యని అనుకొనును. కావున సావడి ఎంత విశాలమైనను, ఒక చిన్న గదిని గోడలతో, తలుపుతో ఉంచవలెను. అది అధ్యక్షునిది కాదు, కార్యదర్శిది కాదు, మాటాడవలసిన రైతుది. అప్పు, తగవు, కుటుంబపు వాటాలు, స్త్రీల ఖాతా విషయములు అచ్చటనే విచారింపవలెను. గదియొద్ద మఱియొకరు వేచియున్నచో పది నిమిషముల వంతు పెట్టుకొనవచ్చును.

4. లెక్కలు, తాళములు. బల్లలు మాఱుచుండునప్పుడు కాగితములు బల్ల సొరుగులలో నుండరాదు. సాయంకాలమున ప్రతి బల్లయు ఖాళీ కావలెను. కాగితములన్నియు అంకెలు వేసిన కట్టలుగ ఒకే బీరువాలో నుండవలెను. ఏ కట్ట ఎవరు తీసిరి, ఎప్పుడు తిరిగి పెట్టిరి అను పుస్తకము ఒకటి యుండవలెను. కంప్యూటరునందు ఒక్కొక్క ఉద్యోగికి వేఱు రహస్యపదము ఉండవలెను. ఒకని రహస్యపదముతో మఱియొకడు లెక్క వ్రాయుట కరణము పెట్టెను మరల తెఱచుటయే. తప్పు ఎవనిదో తెలియనప్పుడు దోషియు తప్పించుకొనును, నిర్దోషియు అనుమానమునకు గురియగును.

5. గిడ్డంగి వేఱు. చోటు చాలలేదని కొందఱు ఎరువు బస్తాలను కూర్చుండు సావడిలోనే ఒక మూలను పేర్చుదురు. ఇది కూడదు. యూరియా గాలిలోని తేమను పీల్చి గడ్డకట్టును. నేలపై చెక్కలు పఱచి, గోడకు తగులకుండ పేర్చవలెను. పురుగుమందుల విషయమున నియమము మఱింత కఠినము. వానిని ఇతర వస్తువులనుండి వేఱుగ, పొడిగాను గాలి వెలుతురు గలదిగాను ఉండు గదిలోనో, తాళము గల ప్రత్యేకపు బీరువాలోనో ఉంచవలెనని కీటకనాశనుల నియమములు చెప్పుచున్నవి. ధాన్యపు బస్తాలు, విత్తనములు, పిల్లలు కూర్చుండు చోటు దగ్గఱ నవి ఉండరాదు. చోటును ఉమ్మడిగ వాడుటకు ఇచ్చట హద్దు కలదు. ఎరువుల నిల్వ, ధరల పలక మాత్రము అందఱికి కనబడు చోటనే యుండవలెను. అది చట్టపు విధి కూడ.

6. యంత్రములు. వేలిముద్ర యంత్రము, ముద్రణ యంత్రము, కంప్యూటరు ఏ ఒక్క బల్లకు కట్టుబడియుండరాదు. అందఱికి చేరువగ ఒక మూలను ఉంచి, వాడువాని పేరు, వేళ వ్రాయు పుస్తకము పెట్టవలెను. విద్యుత్తు పోయినప్పుడు పని ఆగకుండ కొంతసేపు నడుపు బ్యాటరీ వలయును. ఎరువులకు తొందరగానుండు వారములలో ఒకే యంత్రముపై పొడుగు వరుస నిలుచును గావున, గ్రామములవారీగ పూటలు ముందుగ చాటించుట మేలు. వ్రేలిగీతలు అరగినవారికి నియమములు అనుమతించు వేఱు మార్గము ఏదో ముందు బల్లవానికి తెలిసియుండవలెను.

7. వేచియుండువారి చోటు. మన భవనములలో అందఱికంటె తక్కువగ తలంపబడునది ఇదే. నీడ, త్రాగునీరు, బల్ల, స్త్రీలకు వేఱుగ మఱుగుదొడ్డి, వృద్ధులకు మెట్లు లేని వాలుదారి, ఇవి అలంకారములు కావు. సావడిలో ఉద్యోగుల బల్లలు తగ్గి మిగిలిన చోటు ఎవరికి చెందవలెను? ఈ చోటునకే. సాయంకాలమున ఇదే చోటు పొదుపు సంఘముల సమావేశమునకును, పంటల పాఠములకును, నేల పరీక్షల ఫలితములను వివరించుటకును ఉపయోగపడును. చోటు మాఱుట అనగా ఇది.

ఉద్యోగుల పక్షము

న్యాయముగ చూచినచో ఉద్యోగుల మాటయు వినవలెను. తన బల్ల, తన కుర్చీ, తన పేరు గల పలక అనునవి చిన్న ఉద్యోగికి గౌరవ చిహ్నములు. వానిని ఒక్క దినమున తీసివేసినచో ఆతని మనస్సు నొచ్చుకొనును. శబ్దములో లెక్కలు కూడుట కష్టమను మాటయు సత్యమే. రోజు చిట్టా కట్టు వేళ తప్పు దొరలినచో దానిని మఱునాడు వెదకుట ఎంత బాధయో కార్యదర్శులకు తెలియును. సాయంకాలము లెక్క కట్టు గంటలో ఏకాంతపు గదిని లెక్కలవానికి విడుచుట ఉచితము. ఉద్యోగి తన వస్తువులను పెట్టుకొనుటకు తాళము గల చిన్న అఱ ఒకటి ఇయ్యవలెను. పొలములు తిరిగి వచ్చు సహాయకునకు కూర్చుండి నివేదిక వ్రాయుటకు చోటు దొరకవలెను. పదిమందికి ఎనిమిది బల్లలను లెక్క దొరతనపు నగరములలో చెల్లినను, అందఱును ఒకేమారు రావలసిన కొనుగోళ్ల కాలమున మన యొద్ద చెల్లదు. అప్పుడు మడత బల్లలు రెండు వసారాలో వేసికొనవలెను.

పై శాఖల అధికారులకు ఒక మనవి. వేర్వేఱు శాఖల ఉద్యోగులను ఒకే కప్పు క్రింద కూర్చుండబెట్టి, ఒక్కొక్కనికి తన శాఖనుండియే ఉత్తరువులు, తన శాఖకే నివేదికలు అను పద్ధతి యథాతథముగ నుంచినచో ఆ కప్పు వలన కలుగు మేలు సగమే. ఆ భవనమునకు ఒక్కరు పెద్దగా నుండి, హాజరు, వంతులు, రశీదుల గడువులు చూడవలెను.

ఒక కారు పరీక్ష

క్రొత్త వంగడమును మనము ఊరంతట ఒక్కమారు వేయము. ఒక మడిలో పాతది, ప్రక్క మడిలో క్రొత్తది వేసి, ఒకే నీరు, ఒకే ఎరువు పెట్టి, కోతనాడు తూచి చూతుము. ఉమ్మడి కార్యాలయమును కూడ అట్లే పరీక్షింపవలెను. గోడలు పగులగొట్టుటకు ముందు, భవన నిధిని ఖర్చు చేయుటకు ముందు, ఒక ఖరీఫు కారు ఉన్న గదులలోనే వారపు పట్టికను, ముందు బల్లను, రశీదు పద్ధతిని నడిపి చూడవలెను.

అందుకు కొలత కావలెను. కొలత లేని ప్రయోగము ప్రయోగము కాదు. వాకిటియొద్ద ఒక పుస్తకముంచి, వచ్చిన ప్రతి రైతు పనియేమి, ఆ పనికై ఇది ఎన్నవ రాక, ఆ దినమున ముగిసినదా లేదా అను మూడు ప్రశ్నలకు జవాబు వ్రాయవలెను. పేర్లు అక్కఱలేదు. మార్పునకు ముందొక నెల, మార్పు తరువాత ఒక నెల ఇట్లు వ్రాసినచో, ఒక పనికి సగటున ఎన్ని తిరుగుళ్లు పట్టుచున్నవో తేలును. ఆ లెక్క తగ్గినచో పద్ధతి మంచిది. తగ్గనిచో, రంగులు, బల్లలు ఎంత క్రొత్తవైనను అది వ్యర్థమైన ఖర్చు.

ఈ లెక్కను సర్వసభ్య సమావేశము యెదుట చదువవలెను. సంఘపు భవనము సభ్యుల సొత్తు. వారి వాటాధనమునకు అందు పాలు కలదు. గోడ ఎచ్చట తీయవలెనో, ఎచ్చట నిలుపవలెనో చెప్పు హక్కు వాకిట నిలుచు రైతుకే ముందుగ కలదు. కాని ఆ సమావేశములకు సభ్యులు రాకపోవుట మన సంఘముల పాత వ్యాధి. వచ్చినవారును అప్పు మాఫీ, ఎరువుల రాక అను రెండు మాటలతో ఇల్లు చేరుదురు. ఈ సంవత్సరము మూడవ మాటగా దీనిని అడుగుడు: "మా పని ఒక్క తిరుగుడులో ముగియుటకు మీరేమి ఏర్పాటు చేసితిరి?"

రాజాము మండలము పూర్వము శ్రీకాకుళము జిల్లాలో నుండి, 2022 ఏప్రిల్ 4వ తేదీన విజయనగరము జిల్లాలో చేరినది. జిల్లా పేరు మాఱినప్పుడు పెద్ద కచేరీలకు పోవు దారియు మాఱినది. అట్టి మార్పులు రైతు చేతిలో లేనివి. తన గ్రామ సంఘమున బల్ల యెచ్చట వేయవలెను, ఏ పూట ఎవరు కూర్చుండవలెను, రశీదుపై ఎవరి పేరు వ్రాయవలెను అనునవి మాత్రము రైతు చేతిలోనివే. పంచాయతుదారులు ఈ పని వెంటనే తలపెట్టి, వచ్చు ఖరీఫునకు ముందే వారపు పట్టికను గోడపై వ్రాయింతురని కోరుచున్నాము.